చిన్నీ, ఆ డి డ్రైవ్ జోలికి ఇప్పుడే వెళ్లకు

చిరంజీవి చిన్నికి,
మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు శనివారం ల్యాప్‌టాప్‌లో డి డ్రైవ్ తీసేసి సి లో కలిపేస్తుందట, యూట్యూబ్‌లో చూసిందట, నువ్వో మాట చెప్పు" అంది. తనకి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, నాకు అప్పటి నుంచి టెన్షనే. గర్వం లేదని కాదు. మన ఇళ్లల్లో కంప్యూటర్ మొరాయిస్తే షాపు నుంచి కుర్రాణ్ణి పిలవడమే అందరికీ తెలుసు. నువ్వు నేనే చూసుకుంటానన్నావు. పొద్దున షాపులో కనిపించిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని సగం వినవు కాబట్టి రాస్తున్నాను.

నీ స్క్రీన్‌షాట్ మీ అమ్మ నాకు పంపింది. మొత్తం డిస్క్ 238 జీబీ అని ఉంది. 256 అని చెప్పి మోసం చేశారనుకోకు. కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన గుణిస్తారు, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది, తేడా అంతే. అందులో సి కి 120, డి కి 117. సి లో మిగిలింది 3 జీబీ, ఎర్ర గీత. డి లో సగం నిండింది.

అసలు ఒక డిస్క్‌ని ఇలా రెండు ముక్కలు (వీటినే పార్టిషన్లు అంటారు) చేయడం మన షాపులవాళ్ల పాత అలవాటు. "డి లో పెట్టుకోండి, సేఫ్" అని మేమే చెప్పాం అందరికీ. విండోస్ మళ్లీ కొట్టినప్పుడు సి ఒక్కటే పోయి డి మిగులుతుంది, అంతవరకే ఆ మాట నిజం. డ్రైవే పోతే రెండూ కలిసే పోతాయి. అందుకని "డి లో బ్యాకప్ ఉందిలే మామయ్యా" అని మాత్రం నాతో అనకు.

ముందు ఆ 120 ని ఏం తిన్నదో చూడు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యి. టెంపరరీ ఫైల్స్ తీసెయ్యి, కానీ ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్కు పెట్టకు. నీ హాల్‌టికెట్లూ ఫీజు రసీదులూ అందులోనే ఉంటాయని నాకు తెలుసు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో చోటు కోసం ఫైళ్లు డిలీట్ చేశావంటే అక్కడ ఆన్‌లైన్‌లోనూ పోతాయి. "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఉంటుంది, అది నొక్కు.

నా అనుమానమంతా ఆ ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో మీద. ప్రాజెక్టు కోసం వేశావు కదా. యాప్ పరీక్షించడానికి అందులో పెట్టుకునే ఒక్కో ఎమ్యులేటర్ (నకిలీ) ఫోన్ కొన్ని జీబీలు తింటుంది. ప్రయత్నించి వదిలేసినవి ఎన్ని ఉన్నాయో డివైస్ మేనేజర్‌లో చూడు, అక్కర్లేనివి అక్కడి నుంచే తీసెయ్యి. యాప్ కట్టేటప్పుడు దించుకున్నవన్నీ దాచుకునే గ్రేడిల్ ఫోల్డర్ కూడా చెప్పాపెట్టకుండా పెరుగుతూ ఉంటుంది. ఈ రెంటినీ డి కి మార్చే సెట్టింగులున్నాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌కయితే ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబే ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌ని మాత్రం మౌస్‌తో పట్టుకుని డి లోకి లాగకు, ఏదీ తెరుచుకోదు. ఇంతవరకు చేస్తే చాలామందికి ఇంకేం అవసరం పడదు. నీకూ పడదని నా ఆశ.

తెనాలిలో నేను డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకి పేజీలు తయారుచేసే పని) నేర్చుకున్న షాపు సంగతి మీ అమ్మ చెప్పిందో లేదో. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లికార్డులు, కరపత్రాలు. ఓనరుగారు పనిమంతుడు. కార్డు మ్యాటర్ చూస్తూనే "ఆ తిథికి ఆ వారం రాదు, పంతుల్ని మళ్లీ అడగమను" అనేవారు. షాపు మొత్తానికి పెద్ద సిస్టమ్ ఒకటే. 20 జీబీ హార్డ్ డిస్క్‌లో ఎవరో సి కి 2 జీబీ మాత్రమే ఇచ్చి, మిగతాదంతా డి చేసిపెట్టారు. కొత్త కోరల్‌డ్రా వేద్దామంటే సి లో చోటు లేదు. ఆయన ఎక్కడి నుంచో ఒక పార్టిషన్ సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చారు. మౌస్‌తో గీత పట్టుకుని లాగి, అప్లై నొక్కారు.

స్క్రీన్ మీద గీత చిటికెలో జరుగుతుంది. కానీ డి మొదలయ్యే చోటు మారిందంటే, లోపలున్న ప్రతి ముక్కా పాత చోటు నుంచి కొత్త చోటుకి నడవాలి. గంటలు పడుతుంది. అది మే నెల మధ్యాహ్నం. కరెంటు కోత వేళలు గోడ క్యాలెండర్ మీద ఆయనే రాసిపెట్టుకున్నారు, ఆ రోజు అటు చూడలేదు. యూపీఎస్ అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీ పాతది, ఆ అరుపు కూడా ఎక్కువసేపు లేదు.

కరెంటు వచ్చాక డి తెరవబోతే ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. సగం డేటా పాత చోట, సగం కొత్త చోట. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఆ రెంటికీ పొసగడం లేదు. డిస్క్ విప్పుకుని గుంటూరు తీసుకెళ్లాం. అక్కడాయన ఫైళ్లు చాలానే తీశాడు, పేర్లు మాత్రం రాలేదు. అన్నిటికీ నంబర్లే. ఏది శుభలేఖో ఏది సంస్మరణ కార్డో తెరిస్తే తప్ప తెలీదు, చాలావరకు తెరుచుకోలేదు. తెరుచుకోనివాటిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వాళ్ల ఊరి గుడి గురించి రాసిన పుస్తకం ఉంది. రెండో ప్రూఫు దాకా వచ్చిన పుస్తకం.

ఆయనకి చెప్పడానికి ఓనరుగారికి ముఖం చెల్లక నన్ను పంపారు. మాస్టారు విని లోపలికెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఎర్ర సిరాతో దిద్దిన మొదటి ప్రూఫు చంకలో పెట్టుకుని షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నారు. ఆయన చదువుతుంటే నేను మళ్లీ కొట్టాను, మొదటి పేజీ నుంచి. ఒత్తు తప్పితే పెన్సిల్‌తో నా నెత్తిమీద ఒకటి తగిలేది. నా తెలుగు కొంచెం బాగుపడిందంటే ఆ పెన్సిల్ వల్లే. పుస్తకానికి ఓనరుగారు డబ్బు తీసుకోలేదు. ఆ ఏడు మాకు దసరా బోనసూ లేదు.

నాకిప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ షాపులోనే సీడీ రైటర్ ఉంది. "సీడీలు రాయబడును" అని అద్దం మీద అంటించింది నేనే. ఊళ్లోవాళ్ల పెళ్లి ఫొటోలన్నీ రాసిచ్చాం. మా పని ఫైళ్లన్నీ కలిపి ఏడెనిమిది సీడీలయ్యేవేమో. ఒక్క సాయంత్రం ఆగలేకపోయారు ఆ పెద్దమనిషి.

"ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉందిగా" అంటావు. ఉంది. అయినా చార్జర్ పెట్టే చెయ్యి, నా తృప్తి కోసం. నిజానికి నీ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఆ పాత డిస్కుల్లో చెరిపేసిన దాని ఆనవాళ్లు కూడా చాలాకాలం ఉండేవి. నీది ఎస్‌ఎస్‌డీ, తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డ్రైవ్. ఏదైనా తీసేయగానే, ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కి చెబుతుంది. దీన్నే ట్రిమ్ అంటారు. డ్రైవ్ తీరిక చూసుకుని దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. ఇక గుంటూరు కాదు కదా, ఎక్కడికెళ్లినా నంబర్ల ఫైళ్లు కూడా రావడం కష్టం.

అన్నీ శుభ్రం చేశాక కూడా సి పెంచక తప్పదంటే, ఇది విను. డి ని తగ్గిస్తే ఖాళీ దాని చివర వస్తుంది, సి పక్కన రాదు. పొలం కొని కలుపుకోవాలంటే గట్టు పక్కదే కొనాలి, ఊరవతలది కొంటే కలవదు కదా. అందుకే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, సి ని పెంచే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉండిపోతుంది. అంటే డి మొత్తం తీసేయాల్సిందే, లేదా మా ఓనరుగారిలా జరపాల్సిందే. జరపడం వద్దు. డి ని వేరేచోట కాపీ చేసుకుని, కాపీలో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడు తీసెయ్యి.

సి కీ డి కీ మధ్య రికవరీ పార్టిషన్ అని, విండోస్ చెడితే బాగుచేసుకోవడానికి పెట్టిన చిన్న ముక్క అడ్డముంటే అక్కడితో ఆగు. వీడియోల్లో డిస్క్‌పార్ట్ అని ఆజ్ఞలు టైపు చేసే టూల్ తెరిచి దాన్ని కూడా లేపెయ్యమంటారు. ఆ నల్ల తెరలో "క్లీన్" అని కొడితే, నిజంగానా అని కూడా అడగదు, అక్కడ ఎంచుకున్న డిస్క్ విండోస్ నడుస్తున్నది కాకపోతే దాని మీది పార్టిషన్లన్నీ పోతాయి. పరీక్షల ముందు అదంతా నీకెందుకు?

ఇంకొకటి. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో డ్రైవ్‌కి తాళం దానంతటదే పడి ఉంటుంది, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనో బిట్‌లాకర్ అనో. పార్టిషన్లు కదిపాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకో. ఆ ల్యాప్‌టాప్‌లోనే నోట్‌ప్యాడ్‌లో దాచావంటే మాత్రం వచ్చి మొట్టికాయ వేస్తాను.

1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి కొన్నాను, రేపు కొరియర్‌లో వేస్తాను. డబ్బుల మాట ఎత్తకు, మీ అమ్మతోనూ ఎత్తించకు. హాస్టల్ గేటు దగ్గర పెట్టి వెళ్లిపోతారు, వార్డెన్‌కి ముందే చెప్పి ఉంచు. అది చేరేదాకా నువ్వు డి ని ముట్టుకోవని మీ అమ్మకి మాటిచ్చాను. చేరాక ముందు కాపీ, తర్వాతే మిగతావి. మొదలుపెట్టే ముందు ఫోన్ చెయ్యి, వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించు. తొమ్మిదింటికి షాపు కట్టేస్తాను, ఆ తర్వాత ఎంత రాత్రైనా ఫర్వాలేదు.

మీ
మామయ్య