టెక్ సందేహాలు: రెండు సర్వర్లూ ‘నేనే ప్రైమరీ’ అంటుంటే

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. డయాగ్నస్టిక్ సెంటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, రెండు ఊళ్లలో రెండు సర్వర్ల మీద ఉంది, ఒకటి ప్రైమరీ (బిల్లులు రాసుకునేది), ఒకటి రెప్లికా (దాని నకలు). మొన్నటి గాలివానకు మధ్యలో లింకు తెగితే, మేం రాసుకున్న స్క్రిప్టు మూడుసార్లు పింగ్ చేసి, జవాబు రాలేదని రెప్లికాను ప్రైమరీ చేసేసింది. లింకు తిరిగొచ్చాక చూస్తే పాతది బతికే ఉంది, కొన్ని సెంటర్లు అందులోనే బిల్లులు కొట్టుకుంటూ పోయాయి. ఇప్పుడు ఒకే నంబరు మీద ఇద్దరు పేషెంట్లున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పాతదానికి యాప్ వెళ్లకుండా ఆపేయండి. కానీ దాన్ని తుడిచేసే పని ఇప్పుడే పెట్టుకోకండి. ఎవరినడిగినా పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ రివైండ్ అనే టూలు నడిపెయ్యమంటారు, అది పాత సర్వర్‌ను కొత్తదాని దారిలోకి తెచ్చే మాట నిజమే గానీ, దారులు చీలిన తర్వాత పాతదాంట్లో పడిన బిల్లులన్నీ ఆ దెబ్బకు పోతాయి. అందుకని సర్వర్ ఆపి, డేటా డైరెక్టరీ మొత్తాన్ని వేరే డిస్కుకు కాపీ చేసి, ఆ కాపీని ఇంకో మెషీన్‌లో లేపి, లింకు తెగిన టైము తర్వాతి ఎంట్రీలు బయటికి తీయండి. బిల్లు నంబరు ఒక్కటే కలిసిందనుకుంటే పొరపాటు, లోపలి ఐడీలు కూడా కలిసే ఉంటాయి, అంటే శాంపిళ్లు, రిపోర్టులు కూడా ఆ ఐడీకే తగులుకుని ఉంటాయి. గుడ్డిగా ఇన్సర్ట్ చేస్తే ఒకరి షుగర్ రిపోర్టు ఇంకొకరి చేతికి పోతుంది. కొత్త ఐడీలిచ్చి, రసీదు మీద ప్రింటయిన పాత నంబరును వేరే కాలమ్‌లో ఉంచి, ఆయా సెంటర్లకు ఫోన్ చేసి సరిచూసుకుంటూ చేర్చండి. విసుగు పనే, అడ్డదారి లేదు.

ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో పాడవుతున్న ఆప్టికల్ పరికరాన్ని మారుస్తుంటే అమెరికా తూర్పు తీరంలో లింకు తెగింది, అదీ 43 సెకన్లు. ఆ కాసేపట్లోనే ఫెయిలోవర్ సాఫ్ట్‌వేర్ (ప్రైమరీ పోతే ఇంకోదాన్ని ఎక్కించేది) వాళ్ల మైసీక్వెల్ డేటాబేస్ ప్రైమరీలను పశ్చిమ తీరానికి మార్చేసింది, అటువైపు చేరని రైట్లు (రాసిన మార్పులు) తూర్పునే ఉండిపోయాయి. ఒక బిజీ క్లస్టర్‌లో (సర్వర్ల గుంపులో) అలా మిగిలిపోయినవి 954. డేటా పాడవకూడదని వాళ్లు నెమ్మదిగానే వెళ్లారు, అంతా మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

మీ స్క్రిప్టు తప్పల్లా ఒకటే: పింగ్‌కు జవాబు లేకపోతే సర్వర్ చచ్చిందని తీర్మానించుకుంది. రెండే మెషీన్లున్నప్పుడు అవతలిది పోయిందా, మధ్యలో తీగ తెగిందా అనేది ఇవతలిదానికి ఎప్పటికీ తెలియదు, స్క్రిప్టు ఎంత బాగా రాసినా సరే. పోయాడనుకున్న మనిషి పెద్దకర్మ రోజున గుమ్మంలో నిలబడ్డట్టు పాత ప్రైమరీ తిరిగొస్తుంది. కాబట్టి మూడో ఓటు కావాలి, ముగ్గురిలో ఇద్దరి మాట చెల్లాలి. పోస్ట్‌గ్రెస్‌కు ఫెయిలోవర్ చూసుకునే పట్రోని వాడేవాళ్లు, ఓట్లు లెక్కపెట్టే ఈటీసీడీ అనే సాఫ్ట్‌వేర్‌ను మూడు నోడ్ల (మెషీన్ల) మీద పెట్టేది ఇందుకే: ప్రైమరీ తన పదవిని అక్కడ ఎప్పటికప్పుడు రెన్యూవల్ చేయించుకోవాలి, గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు, చేయించుకోలేకపోతే తనంతట తనే దిగిపోతుంది. నాకు నచ్చేది ఆ దిగిపోవడమే. కొత్తదాన్ని ఎక్కించడం ఎవరైనా రాస్తారు. మూడు నోడ్లూ ఒకే బిల్డింగులో పెట్టి చేతులు దులుపుకోకండి, ఆ బిల్డింగుకు కరెంటు పోతే మూడు ఓట్లూ పోతాయి. అమెజాన్ క్లౌడ్‌కు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, విడివిడిగా మూడు జోన్లు (వేర్వేరు డేటా సెంటర్లు) ఉన్నాయి, నోడుకొక జోన్ సరిపోతుంది.

ఇంకో మాట. రెప్లికేషన్‌ను (నకలు పంపే ఏర్పాటును) డిఫాల్ట్‌గా వదిలేసి ఉంటే మీ ప్రైమరీ తన డిస్కులో రాసుకోగానే ‘కమిట్ అయింది’ అనేస్తుంది, రెప్లికాకు అందిందా లేదా చూడదు. సింక్రనస్ చేస్తే, అంటే రెప్లికా కూడా అందిందన్నాకే కమిట్ అనేలా పెడితే, ఆ బెంగ తీరుతుంది, కానీ ఒక్క రెప్లికాతో చేస్తే అది పడ్డప్పుడల్లా బిల్లింగ్ కౌంటర్ బిగుసుకుపోతుంది. రెండు రెప్లికాలు పెట్టి, ఏ ఒక్కటి సరే అన్నా చాలని చెప్పండి.

ప్రశ్న: రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు మాది. సర్వర్ క్రాష్ అయి లేచాక ఇన్‌వాయిస్ నంబరు 4117 నుంచి నేరుగా 4150కి వెళ్లింది. మధ్యలో 32 బిల్లులు పోయినట్టేనా?

జవాబు: ఆ 32 చూస్తేనే తెలుస్తోంది, మీది కూడా పోస్ట్‌గ్రెస్సే. అందులో వరుస నంబర్లిచ్చే సీక్వెన్స్ ప్రతి నంబరుకూ లాగ్ (మార్పుల చిట్టా) రాయదు, 32 నంబర్లు ముందుగానే రాసేసుకుంటుంది. క్రాష్ అయితే ఆ ముందు రాసుకున్న దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. అవి ఎవరికీ ఇవ్వని నంబర్లు. అయినా క్యాష్‌బుక్కుతో ఒకసారి పోల్చుకోండి. మీ ఆడిటర్‌కు మాత్రం ఈ కథ చెప్పి లాభం లేదు, జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి. నంబరును ఒక చిన్న టేబుల్‌లో పెట్టి, బిల్లు సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే దాన్ని పెంచమని మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పండి. కాస్త నిదానమవుతుంది, షాపు బిల్లింగ్‌కు అది లెక్కలోకి రాదు.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ‘రికవరీ నడుస్తోంది’ అంటూ చాలాసేపు తెరుచుకోవడం లేదు. ఫ్రెండ్ పీజీ రీసెట్‌వాల్ అనే కమాండు కొట్టమంటున్నాడు.

జవాబు: వద్దు. చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా ఉన్న మార్పులన్నీ డిస్కుకు చేర్చిన చోటు) తర్వాత జరిగిన మార్పులను లాగ్ నుంచి మళ్లీ చేసుకుంటోంది, చేసుకోనివ్వండి. మీ ఫ్రెండ్ చెప్పింది ఆ లాగ్‌నే పారేసే కమాండు. కొడితే డేటాబేస్ వెంటనే తెరుచుకుంటుంది, లోపల ఏ టేబుల్ సగంలో ఆగిందో ఎవరూ చెప్పలేరు.