గంజాయి సాగుకు శిక్షలు పెంచితే సాగు ఆగుతుందా? జైళ్లు సరిపోతాయా?

"గంజాయి పండించేవాళ్లకి ఇప్పుడున్న శిక్ష చాలదు, పెంచాలి అంటున్నారు. మరి జైళ్లలో చోటేదీ?" అని ఒకరు నన్ను అడిగారు. 11 ఏళ్లుగా, పేదలకి ఉచితంగా న్యాయసహాయం చేసే న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్లో లాయరుగా ఉన్నాను. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి కేసులే నా ఫైళ్లలో ఎక్కువ. శిక్షలు పెంచొద్దనే నా మాట.

1985లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం వచ్చినప్పుడు గంజాయి సాగుకు గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. 2001 సవరణలో దాన్ని 10 ఏళ్లు చేశారు. అంటే ఒకసారి రెట్టింపు చేసి చూశాం. అయినా విశాఖ మన్యంలో చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు తోటలు పెరుగుతూనే వచ్చాయి. చివరికి 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికించాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 10 ఏళ్ల శిక్ష చట్టంలో ఉండగానే అంత పండింది. కొండమీద రైతుకి ఈ శిక్షలు రాసి ఉన్న సెక్షన్ 20 తెలియదు. విత్తనం, పెట్టుబడి ఇచ్చి, పంట చేతికొచ్చాక వచ్చి ఎత్తుకెళ్లే షావుకారు మాత్రం తెలుసు.

ఇక జైళ్ల సంగతి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో పట్టేది 4,36,266 మందయితే, ఉన్నది 5,73,220 మంది. వాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. నేను ములాఖత్‌కి వెళ్లి కలిసే గంజాయి ముద్దాయిల్లో సాగు చేసి శిక్ష పడినవాళ్లు చాలా తక్కువ. మూట మోసినవాళ్లు, ఆటో తోలినవాళ్లు, బస్సులో బ్యాగు పక్కన కూర్చుని దొరికినవాళ్లే ఎక్కువ.

దీనికి కారణం 20 కిలోల గీత. సాగుకు కనీస శిక్ష అంటూ లేదు, 10 ఏళ్ల లోపు ఎంత వేయాలన్నది జడ్జి ఇష్టం. అదే 20 కిలోలు దాటిన గంజాయితో దొరికితే కనీసం 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా వేయొచ్చు. పైగా బెయిలుకి అదే చట్టంలోని సెక్షన్ 37 అడ్డొస్తుంది. ఇతను నేరం చేయలేదని, బయటికొచ్చాక చేయడని నమ్మడానికి ఆధారం కనిపిస్తే తప్ప కోర్టు బెయిలివ్వకూడదు. విచారణే మొదలుకాని దశలో ఆ ఆధారం ఎక్కణ్ణుంచి తేవాలి?

నా కక్షిదారు ఒకతను, 23 ఏళ్ల కొండ కుర్రాడు. సంచి రోడ్డు దాకా దించితే కూలి ఇస్తామన్నారట. 21 కిలోలతో దొరికాడు. సరుకు ఎవరిదో ఎఫ్ఐఆర్‌లో లేదు, "మరొకరు పరారీ" అని ఒక్క ముక్క ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. ఆ రోజు మాత్రం కాడ, ఆకు, రెమ్మ అన్నీ కలిపి, సంచితో సహా తూచారు. వేరుచేసి తూచి ఉంటే 20 దాటేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. రెండుసార్లు బెయిలు పిటిషన్ వేశాను, రెండూ కొట్టేశారు. వాయిదా మీద వాయిదా పడింది. బ్యారక్‌లో ఒకరికొకరు ఒత్తుకుని పక్కకి తిరిగి పడుకునేవాళ్లమని చెప్పేవాడు. వాళ్ల అమ్మ కొండ దిగి, రెండు బస్సులు మారి వచ్చేది. మూడున్నరేళ్లకి, శాంపిళ్లు మేజిస్ట్రేటు ముందు తీయలేదని కేసు వీగిపోయింది. అతను లోపలున్నన్నాళ్లూ ఆ సరుకు తాలూకు మనిషి జోలికి ఎవరూ వెళ్లలేదు. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

గంజాయి వల్ల పాడైన పిల్లల్నీ దగ్గర్నుంచి చూశాను, తల్లిదండ్రుల కోపం నాకు తెలుసు. కానీ ఆ కోపంతో 10 ఏళ్ల శిక్షల్ని 15 చేస్తే జైల్లోకి వచ్చేది మళ్లీ ఈ కూలీలే, ఇంకాస్త ఎక్కువకాలం ఉండటానికి. నన్నడిగితే ముందు ప్రత్యేక కోర్టులు, సరుకు పరీక్షించే ల్యాబులు పెంచాలి. ఫోన్ రికార్డులు, డబ్బు పోయిన దారి పట్టుకుని పెట్టుబడి పెట్టినవాడి దాకా వెళ్లాలి. తోట నరికించిన రైతుకి కాఫీ మొక్కలిస్తే సరిపోదు, అవి కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలం గడిచే దారి చూపించాలి. లేకపోతే షావుకారు మళ్లీ విత్తనం పట్టుకుని వస్తాడు.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలాంటి కేసులో ఇరుక్కుని ఉంటే, సరుకు పట్టుకున్నప్పుడు రాసిన పంచనామాలో తూకం ఎలా వేశారో ముందు చదివించండి. 20 కిలోలు దాటిన కేసైతే 180 రోజుల్లో చార్జిషీటు పడిందో లేదో తేదీలు లెక్కపెట్టించండి. కోర్టు గడువు పొడిగించకుండా ఆ 180 దాటితే బెయిలు హక్కు. కాకపోతే చార్జిషీటు పడేలోగానే అడగాలి. విచారణ ఏళ్ల తరబడి సాగుతోందంటే, సెక్షన్ 37 ఉన్నా ఆలస్యం కారణంగా బెయిలివ్వొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుంది, దాన్ని పిటిషన్‌లో పెట్టమనండి. లాయరుకి డబ్బులేకపోతే జైల్లోనే న్యాయసహాయానికి దరఖాస్తు తీసుకుంటారు, ఫీజు ఉండదు.