బొంతకి సూది పట్టే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

పెదవాల్తేరు నుంచి అత్తయ్య ఆశీస్సులు.

మధురవాడలో మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు ఆరుగురు కలిసి పాత చీరలతో బొంతలు కుట్టి, అవసరం ఉన్నవాళ్ళకి ఇద్దామనుకుంటున్నారని మొన్న చెప్పావు. నాకెంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను తల్లీ. ఎలా మొదలుపెట్టాలని అడిగావు కదా, ఫోనులో చెప్పిన కొలతలు గుర్తుండవని కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇంకా ఏ చీరకీ కత్తెర పెట్టకండి. ఎవరికి ఇవ్వాలో తేల్చుకుని, వాళ్ళని అడిగి, ఆ తర్వాతే కోయండి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హైదరాబాదులో చదువుకుంటున్నావు. ఇక్కడ రోడ్డుకి అడ్డంగా ఎక్కడ చూసినా కూలిన చెట్లే. రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళు లేవు. నాది తొక్కుడు మిషన్, దానికి కరెంటుతో పనిలేదు. పగటి వెలుగు ఉన్నంతసేపూ మేం నలుగురం కూర్చుని వారంలో పద్నాలుగు బొంతలు కుట్టాం. సిల్కు, నైలాను, కాటన్ అని చూడకుండా చేతికి దొరికిన చీరలన్నీ కలిపేశాం. ఒక్కోదానికి ఏడెనిమిది పొరలు వేశాం. పరుపుల్లా ఉండేవి. ఆటోలో వేసుకెళ్ళి ఒక శిబిరంలో ఇచ్చి వచ్చాం. నాలుగు రోజుల తర్వాత పాలపొడి ఇవ్వడానికి మళ్ళీ వెళ్తే, మా బొంతలు వరండాలో గోడవారన కుప్పగా పడి ఉన్నాయి. నీళ్ళు తాగి రాళ్ళలా బరువెక్కాయి, ముక్కిన వాసన కొడుతున్నాయి. పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, వీటిని పిండాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆరేయడానికి దండెం లేదు. మాకు రెండు లంగాలు, ఒక నైటీ ఉంటే చాలును" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. వాళ్ళకి లంగాలు కావాలి, మేం బొంతలు ఇచ్చాం. పద్నాలుగు బొంతలకి పట్టిన గుడ్డతో ఎన్ని లంగాలు వచ్చేవో ఇప్పటికీ లెక్క వేసుకుంటాను.

అప్పట్నుంచి మూడు సంగతులు తెలుసుకోకుండా నేను సూదిలో దారం ఎక్కించను. ఎవరు కప్పుకుంటారు, ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు. ఉతికే మనిషి ఎవరో తెలిస్తే ఎన్ని పొరలు వేయాలో, ఏ గుడ్డ వాడాలో, ఎంత పెద్దది కుట్టాలో సగం పైగా తేలిపోతుంది. వృద్ధాశ్రమంలో అయితే బకెట్లో నానబెట్టి చేత్తో ఉతికే ఆయమ్మ ఉంటుంది. హాస్టల్లో అయితే ఏడో తరగతి పిల్ల తన బొంత తనే ఉతుక్కుంటుంది. ఆ పిల్ల చేతులు తడి బొంతని ఎత్తగలగాలి కదా.

నువ్వు ఏజెన్సీ హాస్టళ్ళ మాట ఎత్తావు కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. పాడేరు, చింతపల్లి, అరకు వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలకి డిసెంబరు, జనవరి నెలలు చాలా కష్టం. లంబసింగిలో రాత్రిపూట చలి పది డిగ్రీల లోపుకి దిగిపోతుంది. మనం విశాఖలో ఫ్యాన్ వేసుకుని పడుకునే రోజుల్లో అక్కడ పొగమంచులో ఉతికిన గుడ్డ రెండు రోజులకీ ఆరదు. అందుకని లావుపాటి బొంత ఒకటి కాకుండా, పల్చటివి రెండు కుట్టి ఇవ్వండి. రెండు పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం ఇస్తుంది. ఒకటి తీగ మీద ఆరుతుంటే రెండోది పిల్ల ఒంటి మీద ఉంటుంది. లోపల దూది మాత్రం వద్దు. నాలుగు ఉతుకులకి దూది ఒక మూలకి చేరి గడ్డ కడుతుంది, ఆరడానికీ రోజులు పడుతుంది.

కొలత చెబుతాను, రాసుకో. మన చీర సుమారు అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఆరడుగుల పొడవు, పన్నాయేమో మూడు ముప్పావు అడుగులు. పిల్లలకి అది సరిపోతుంది, పక్కల అతుకు వేసే పనే లేదు. నాలుగు ముక్కలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఒక బొంత. అంటే నాలుగు చీరలకి మూడు బొంతలు. నలభై మంది పిల్లలున్న హాస్టలుకి తలా ఒకటి చొప్పున 54 చీరలు పడతాయి, రెండేసి ఇవ్వాలంటే 107. మీ ఒక్క అపార్ట్‌మెంట్లో అన్ని నూలు చీరలు దొరకవు. చుట్టుపక్కల నాలుగు అపార్ట్‌మెంట్లలో ముందే చెప్పి ఉంచండి.

ఇంకో విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. నలభై మంది ఉంటే నలభై పూర్తయ్యాకే తీసుకెళ్ళండి. పదిమందికి ఇచ్చి మిగిలిన ముప్పైమందిని చూస్తూ నిలబెట్టకూడదు. రంగుల్లో కూడా ఒకరిది పూలపూలది, ఇంకొకరిది వెలిసిపోయిన బూడిద రంగుది అయితే పిల్లలు మనసులో పెట్టుకుంటారు. అందుకే నేను ప్రతి బొంతకీ పైపొర మంచి రంగుది వేస్తాను, వెలిసినవి మధ్య పొరలకి పోతాయి.

చీర పనికొస్తుందా రాదా అన్నది చేత్తో చూడాలి. రెండు బొటనవేళ్ళు దగ్గరగా పెట్టి గుడ్డని గట్టిగా లాగు. చర్రుమంటే పక్కన పెట్టేయి, ఎంత బాగున్నా సరే. తర్వాత వెలుతురుకి ఎత్తి పట్టుకో. మడతల దగ్గర సన్నగా గీతలు కనిపిస్తే ఆ మేర కత్తిరించెయ్యి. సిల్కు వద్దు, నైలాను వద్దు, జరీ అంచు ఉంటే విప్పెయ్యి, అది బుగ్గకి గీరుకుంటుంది. కొత్త రంగు చీర అయితే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడు. రంగు దిగితే దాన్ని విడిగా రెండు మూడు సార్లు ఉతికి అప్పుడు వాడు. లేకపోతే మొదటి ఉతుకులోనే పిల్ల తెల్ల చొక్కా కూడా ఎర్రబడుతుంది. కోయకముందు అన్ని చీరల్నీ నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. ఒక పొర ముడుచుకుని ఇంకోటి ముడుచుకోకపోతే బొంత వంకర్లు పోతుంది.

చనిపోయిన వాళ్ళ చీరలు ఇస్తామని కొందరు వస్తారు. తీసుకోవచ్చా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. నేను తీసుకుంటాను, కానీ రెండు పనులు చేస్తాను. ఇచ్చినవాళ్ళని అడిగి, వాళ్ళ అమ్మ చీరలోంచి జానెడు ముక్క కోసి తిరిగి వాళ్ళ చేతికి ఇస్తాను. ఒకసారి ఒకాయన ఆ ముక్క తీసుకుని, మా గుమ్మంలో నిలబడి మడత పెట్టి, జేబులో పెట్టుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రెండో పని, తీసుకునే చోట ఆ సంగతి దాచను. పట్టింపు ఉన్నవాళ్ళకి వేరే చీరల బొంత ఇస్తాను.

ఇక కుట్టడం. మీ మామ్మ బొంత పరిచే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. నేల తుడిచి, ఆరాక, మొదటి ముక్క పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టేది. ఒక మూల పొత్రం, ఒక మూల ఇనప బోను, మిగతా రెండు మూలలా నన్నూ మీ నాన్ననీ కూర్చోబెట్టేది. అరచేత్తో మధ్యలోంచి అంచుల వైపు నిమిరి ముడతలన్నీ బయటికి పంపి, ఆ పైన రెండో ముక్క వేసేది. అలా నాలుగూ పరిచాక దబ్బనంతో నడిమధ్య నుంచి పొడుగ్గా టాకాలు వేసేది. మీరూ మధ్యలోంచే మొదలుపెట్టండి. అంచు నుంచి వస్తే ముడతలన్నీ మధ్యలో పోగై అక్కడ బుడిపె తేలుతుంది. టాకాలు పడ్డాక అసలు కుట్టు రెండు వేళ్ళ ఎడంతో వరసలుగా రావాలి. వరసలు దూరమైతే పొరలు జారతాయి, మరీ దగ్గరైతే బొంత అట్టలా బిగుసుకుంటుంది. దారం నూలుది, లావుది తీసుకుని మైనం రుద్దండి, చిక్కు పడదు. రెండు మూరలకి మించి పొడుగు తీసుకోవద్దు. ముడి ఎప్పుడూ పొరల మధ్యకి లాగేయాలి. పైన ఉంటే ఒరుసుకుని ఊడిపోతుంది.

మిషన్ మీద కుట్టేవాళ్ళు 16 నంబరు సూది వేసి కుట్టు పొడవు పెంచుకోవాలి. అంచులు మాత్రం రెండు సార్లు కుట్టండి, బొంత పాడవడం అక్కడినుంచే మొదలవుతుంది. మన ఊరి సముద్రపు గాలికి సూదులు తుప్పు పడతాయి. తుప్పు సూది గుడ్డ మీద మరక వేస్తుంది, పోదు. నూనె గుడ్డలో గుచ్చి డబ్బాలో పెట్టుకోండి.

కూర్చున్నప్పుడు ఎన్ని గుండుసూదులు తీశారో లెక్కపెట్టి, లేచేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది దొరికేదాకా ఆ బొంత గడప దాటకూడదు. అయస్కాంతం ఒకటి కొనుక్కుని ప్రతి బొంత మీదా రెండువైపులా తిప్పండి. ఇందులో మొహమాటం వద్దు.

పసిపిల్లలకి కుడదామని మీలో ఎవరో అన్నారట. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ ఘోషా ఆసుపత్రికి గానీ వెళ్ళి వార్డు సిస్టరుని అడగండి, ఏం తీసుకుంటారో, పాతగుడ్డ ఒప్పుకుంటారో లేదో. కొన్ని వార్డుల్లో కొత్త గుడ్డే కావాలంటారు, అది బిడ్డ ఒంటికి మంచిదని చెప్పేమాట. పొత్తిగుడ్డలకి పాత ఖద్దరు పంచెని మించింది లేదు. మీ తాతయ్య పొందూరు పంచెలు ఉతికి ఉతికి వెన్నలా అయ్యేవి, మీ నాన్నని వాటిలోనే చుట్టారు. లేసులు, గుండీలు, తళుకులు ఏవీ వద్దు. టోపీలకి తాళ్ళు పెట్టకండి, మెడకి చుట్టుకుంటాయి. పసిబిడ్డ మీద కప్పే బొంత అసలు కుట్టొద్దు. అది జరిగి ముఖం మీద పడితే తీసుకునే శక్తి బిడ్డకి ఉండదు. కింద పరిచే పల్చటి పక్కగుడ్డ, చుట్టే పొత్తిగుడ్డ, నెత్తికి మెత్తటి టోపీ, ఈ మూడూ చాలు.

పసివాళ్ళ గుడ్డల మధ్య కలరా ఉండలు మాత్రం పెట్టకండి తల్లీ. కొందరు పిల్లలకి పుట్టుకతోనే రక్తంలో జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉంటుంది. ఆ ఉండల మధ్య దాచిన గుడ్డ తగిలినా, ఆ వాసన పీల్చినా వాళ్ళ రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఎండిన వేపాకు మూటకట్టి పెట్టండి. పెద్దవాళ్ళ బొంతలకి కూడా నేను వేపాకే వాడతాను. ప్లాస్టిక్ సంచిలో గాలాడకుండా కట్టి ఉంచొద్దు, మన ఊరి చెమ్మకి వారంలో బూజు వాసన వస్తుంది.

క్యాన్సర్ మందుల వల్ల జుట్టు రాలిన వాళ్ళకి టోపీలు కుట్టాలనుకుంటే అగనంపూడి దగ్గర హోమీ భాభా ఆసుపత్రిలో ముందు కనుక్కోండి. బట్టతల చర్మం చాలా సున్నితంగా ఉంటుంది, లోపలి కుట్టు గీరుకుంటుంది. బనియను గుడ్డతో, కుట్టు బయటివైపుకి వచ్చేట్టు కుట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో చీరలు పోగుచేసి ఉతికి ఎండబెట్టండి, ఆ ఎండ మళ్ళీ దొరకదు. వానాకాలమంతా కుట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు వస్తే ఘాట్ రోడ్డు మీద ప్రయాణం ఆగిపోతుంది. దీపావళికి అన్నీ కట్టి సిద్ధంగా ఉంచుకుంటే వాతావరణం చూసుకుని బయల్దేరవచ్చు. దారాలకి, నూనెకి అయ్యే ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి, ఆరుగురి మధ్య మాట రాదు.

ఇచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, బొంత ఛాతీ మీద పట్టుకోమని నవ్వమనడం నేను చూశాను. ఒక పిల్ల తల దించుకునే ఉంది, "నవ్వమ్మా, నవ్వు" అని ఎవరో రెండు సార్లు అన్నారు. నాకు గుండె పిండినట్టయింది. వార్డెన్‌కి లెక్క అప్పజెప్పి, పిల్లలతో కాసేపు కూర్చుని, వచ్చేయండి. రెండు నెలలాగి ఫోన్ చేసి ఎలా ఆగుతున్నాయో, ఎక్కడ పిగులుతున్నాయో అడగండి. వచ్చే ఏడాది కుట్టేటప్పుడు ఆ జవాబే మీకు కావాలి.

వచ్చే ఆదివారం నువ్వూ మీ వాళ్ళూ ఇక్కడికి రండి. ఉతికి ఆరేసిన నూలు చీరలు నాలుగు తెచ్చుకోండి, మూడు బొంతలు పరిచి చూపిస్తాను. పొద్దున్నే వస్తే వెలుతురు బాగుంటుంది. మీ మామ్మ దబ్బనం నా దగ్గరే ఉంది, కొన కొంచెం వంగింది గానీ ఇంకా బాగా దూరుతుంది. అది నీకోసం తీసి పెట్టాను.

ఇట్లు,
మీ అత్తయ్య