ఇసుక తోక ఎటు చూస్తోంది?

ముక్తేశ్వరం

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం కూర్చుని ఒకసారి, ఇంటికొచ్చి కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేజీలోనే ‘అద్భుతం’ ఆరుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, ఏమీ అనుకోకు.

అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘం గరుడ నిహారికలోని వాయుస్తంభాలను 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటో, 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఎరుపుకన్నా పొడుగు అలలుండే పరారుణ కాంతిలో తీసిన ఫొటో పక్కపక్కన పెట్టావు. మంచి పని. అయితే వెబ్ ధూళిలోంచి చూడడాన్ని ‘పొగమంచులోంచి చూసినట్టు’ అన్నావే, అక్కడ దెబ్బతిన్నావు. మంచు బిందువు సాధారణంగా ఆ కాంతి అలకన్నా పెద్దది. మన పుష్యమాసపు మంచులో ఆ కాంతీ చిక్కుకుపోతుంది. నిహారికలో ధూళి రేణువులు చాలావరకు మైక్రాన్‌కన్నా, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా చిన్నవి, అందుకే పొడుగు అల దాటుకుపోతుంది. రేవులో పాతిన గెడను చూడు. పంటు లేపిన పెద్ద అల గెడను లెక్కచేయదు. గాలికి లేచిన చిరు అలలే దానికి తగిలి చెదురుతాయి.

అసలు సంగతికొస్తాను. వరద తీశాక గోదావరి మధ్య లంకలో ప్రతి రెల్లు దుబ్బు వెనకా ఇసుక మూరెడు తోకలా సాగి ఉంటుంది. ముందువైపు కోసేసినట్టు గుంట. తోకలన్నీ సముద్రం వైపే. నీరు పోయాక కూడా అది ఎటునుంచి వచ్చిందో లంక రైతు ఆ తోక చూసి చెప్పేస్తాడు. కాంతి సంవత్సరాల పొడవున్న ఆ స్తంభాలూ అలాంటివే. దగ్గర్లోని భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. వాయువు వేడెక్కి అంచుల్లోంచి ఎగిరిపోతుంది. మొన దగ్గర చిక్కటి ముద్ద మాత్రం తొందరగా లొంగదు. దాని నీడలో మిగిలిందే స్తంభం. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా రాయి: నీరు ఇసుకను నెట్టుకుపోతుంది, ఇక్కడ వెలుగు తగిలిన వాయువు ఆవిరిలా తనే లేచిపోతుంది.

మొనలు చూసేది ఆ నక్షత్రాల వైపే. నీ వ్యాసంలో అవే లేవు! ఫొటోలో పడలేదని వదిలేశావు. వరద పేరెత్తకుండా లంక కోత గురించి రాసినట్టుంది.

‘అసలు రంగులు’ అన్న మాట కొట్టేయ్. పరారుణం మన కంటికి కనపడదు. పొట్టి అలలకు నీలం, పొడుగు అలలకు ఎరుపు అని మనుషులే వేస్తారు. నేనూ ఒకప్పుడు ‘ఎర్రటి మంటల నిహారిక’ అని రాసి, ఓ హైస్కూలు పిల్లాడి ఉత్తరంతో నాలుక కరుచుకున్నవాణ్ణే. 1800లో ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ పరారుణాన్ని కనిపెడుతూ ఎరుపు పక్కన చీకట్లో థర్మామీటర్ పెట్టిన కథకి రెండు పేజీలెందుకు, నాలుగు వాక్యాలు చాలు.

ఆదివారం వచ్చెయ్. పంటు మళ్లీ తిరుగుతోంది. పశువులు తొక్కేయకముందే లంకలోకి వెళ్దాం. కాగితాలు కూడా తెచ్చుకో.

మీ అన్నయ్య