కోడింగ్ పెద్దగా రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రం. ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్ రాయగలనా?

భీమవరంలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నానని, కోడింగ్ మీద పట్టు లేదని, ఇంగ్లీషులో రాయాలంటే బెరుకని రాశారు. అయినా ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి (ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌కి) డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు, రాయొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. రాయొచ్చండి. నాది పాలకొల్లు దగ్గర. నేను మొదలుపెట్టిన నాటికి నా పరిస్థితీ ఇదే.

అప్పట్లో నాకో పని తగిలింది. మీ భీమవరం మీదుగా పోయే మురుగు కాలువ, యనమదుర్రు డ్రెయిన్‌కి అర కిలోమీటరు లోపు ఏయే చెరువులున్నాయో మ్యాపు మీద చూపించాలి. కొనే సాఫ్ట్‌వేర్ మా తాహతుకి మించినది, అందుకని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. డ్రెయిన్ వెంట గీత గీసి, దాని చుట్టూ హద్దు వేసే బఫర్ తెరిచి, దూరం దగ్గర 500 అని కొట్టాను. మీటర్లే అనుకున్నాను. స్క్రీనంతా ఒకటే రంగు పులిమేసింది. భీమవరం కనపడదు, ఉండి ఊరు కనపడదు, సముద్రం కూడా కనపడదు. రెండు రోజులు తన్నుకులాడాక తెలిసింది, నా ఫైలు అక్షాంశ రేఖాంశాల్లో ఉందని, ఆ 500 అంటే 500 డిగ్రీలని. అక్షాంశాల్లో ఒక్క డిగ్రీయే దాదాపు 111 కిలోమీటర్లు. భూమి చుట్టూ తిరిగొచ్చినా 360 డిగ్రీలే. ముందు ఫైలుని మీటర్లలో కొలిచే పద్ధతికి మార్చుకోవాలి. భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే అలాంటి పద్ధతి యూటీఎం. మన డెల్టాకి అందులో 44 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడు 32644. అలా మార్చి మళ్ళీ 500 కొడితే డ్రెయిన్‌కి అటూ ఇటూ పంచె అంచులా పట్టీ వచ్చింది.

ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంది, కాకపోతే ఎక్కడో వేరే అధ్యాయంలో. బఫర్ పేజీ చదివేవాడికి కనపడదు. రాసినవాళ్ళకి ఏళ్ళ తరబడి చేతికలవాటైన పని కాబట్టి ఇక్కడ ఎవరైనా తప్పుతారని వాళ్ళకి తోచదు. తప్పినవాడికే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు మీకు తెలియకపోవడమే మీ పెట్టుబడి అంటాను. అది ఎక్కువ కాలం ఉండదు. నాలుగు నెలలు వాడితే మీకూ అలవాటైపోతుంది, ఎక్కడ తడబడ్డారో మర్చిపోతారు. తడబడ్డ రోజునే, తెలుగులోనైనా సరే, నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. ఏం నొక్కాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. ఈ మూడూ చాలు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చాలావరకు ఉండే వెబ్‌సైటు గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అరకొరగానో పాతబడిపోయో ఉంటోందని చెప్పారు. అదే సర్వేలో కాంట్రిబ్యూటర్లలో, అంటే ప్రాజెక్టులకి పనిచేసి పెట్టేవాళ్ళలో, 60 శాతం మంది దాని జోలికి అసలు వెళ్ళమనో, ఎప్పుడో గానీ వెళ్ళమనో అన్నారు. మీరు వస్తానంటే వద్దనేవాళ్ళు ఉండరు.

నా మొదటి మార్పు ఆ బఫర్ పేజీలో రెండే వాక్యాలు, ముందు ఫైలుని 32644కి మార్చుకోమని. దాన్ని రివ్యూ చేసిన, అంటే చేర్చుకునే ముందు సరిచూసిన ప్రాజెక్టు ఆయన ఒక ప్రశ్న వేశారు: "ఈ 32644 మీ ప్రాంతానికి సరే, బ్రెజిల్‌లో చదివేవాళ్ళు ఏం చెయ్యాలి?" ఆ జోన్ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యకే వర్తిస్తుంది మరి. అంకె తీసేసి "మీ ప్రాంతానికి తగిన జోన్ ఎంచుకోండి" అని మార్చి, అది ఎలా కనుక్కోవాలో చెప్పే పేజీకి లింకు ఇచ్చాను. నా ఇంగ్లీషులో రెండు తప్పులు ఆయనే దిద్దేశారు, దాని గురించి మాట కూడా అనలేదు. కాబట్టి ఇంగ్లీషు బెంగ వదిలేయండి. పొట్టి వాక్యం, ఒక వాక్యానికి ఒకే పని. వ్యాకరణం ఎవరైనా దిద్దుతారు, మీరు నొక్కిన బటన్ల వరస మాత్రం మీరే చెప్పాలి. ఏఐ చేత రాయించి పంపొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. లేని మెనూలు ఉన్నట్టు రాస్తుంది, అది సరిచూసే భారం రివ్యూ చేసేవాళ్ళ నెత్తిన పడుతుంది.

నా రెండో మార్పు మా పెదనాన్న వల్ల దొరికింది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. మ్యాపు మీద చెరువులు గీయడానికి నేను రాసిన మెట్లు ప్రింటు తీసి చేతికిచ్చి, వెనక కూర్చున్నాను, నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని. గంటసేపు ఓపిగ్గా నాలుగు చెరువుల గట్లూ గీశారు. ప్రాజెక్టు సేవ్ చేశారు, మూశారు. కాఫీ తాగొచ్చి తెరిస్తే గట్లు లేవు. "ఒరేయ్, ఇందాకా గీసిందంతా ఏదిరా?" అన్నారు. ఆయన గీసింది తాత్కాలిక లేయరు (మ్యాపు మీద పరిచే పొర) మీద. అది మెమరీలోనే ఉంటుంది, ప్రాజెక్టు సేవ్ చేసినా ఫైలుగా విడిగా దాచకపోతే మూయగానే పోతుంది. నేను చేసేటప్పుడు చెయ్యి దానంతటదే ఫైలుగా దాచేసేది, అందుకే ఆ మెట్టు నా కాగితంలో లేదు. ఆయన గంట కష్టం పోయినందుకు ఇప్పటికీ బాధే. ఆ హెచ్చరిక ఇప్పుడు ఆ పేజీలో మొదటి మెట్టు కంటే ముందు ఉంది.

మిగతా తతంగం తేలికే. ప్రాజెక్టులో మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ అనే ఫైలుంటే ముందు అది చదవండి. గిట్‌హబ్‌లో పేజీ పైన పెన్సిల్ బొమ్మ నొక్కితే బ్రౌజర్‌లోనే మార్చి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు చేర్చుకోండనే వినతి, పంపొచ్చు, మార్పుల లెక్క దాచే గిట్ కమాండ్లు తర్వాత నిదానంగా నేర్చుకోవచ్చు. పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం పుట్టిన, రాసినదాన్ని పేజీలుగా మార్చే స్ఫింక్స్ అనే సాధనాన్ని చాలా ప్రాజెక్టులు వాడతాయి, దానికీ ఇప్పుడే కంగారు అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీ ల్యాబ్‌లో రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకోండి. అది ఎప్పుడూ ఎక్కించని స్నేహితుడి ల్యాప్‌టాప్ అడిగి, ఇన్‌స్టలేషన్ పేజీలో ఉన్నది ఉన్నట్టు చెయ్యండి. పేజీలో లేని పని మీ చెయ్యి చేసిన చోటల్లా ఆగి రాసుకోండి.

పంపాక వారం పది రోజులు ఉలుకూ పలుకూ లేకపోవచ్చు, వాళ్ళూ ఉద్యోగాలు చేసుకుంటూ తీరికలో చూసేవాళ్ళే. నా రెండు వాక్యాలకి మూడు వారాలు పట్టింది. రెండు వారాలు దాటాక, ఇంకేమైనా మార్చాలా అండి అని ఒక్క లైను రాయండి.