కాపురాలు, ఇళ్లు ఎందుకు కలవవు?

ప్రశ్న: మా ఊళ్లో పంచాయతీ లెక్కలో ఇళ్లు ఎక్కువ, 2011 జనగణనలో కాపురాలు తక్కువ. ఏది నమ్మాలి? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: రెండూ నమ్మొచ్చు, కొలిచేవి వేరు. పంచాయతీ లెక్క పన్ను వేసే ఇంటిది. జనగణనలో కాపురమంటే ఒకే వంటగదిలో తినేవాళ్లు. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరుగా వండుకుంటే రెండు కాపురాలు. తాళం వేసిన ఇంట్లో ఒక్కటీ లేదు. అసలు చిక్కు వలసది. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా పూర్తిగా ఊరు విడిచి ఉన్నవాళ్లను ఇక్కడ రాయలేదు. పనుల కోసం ఇంటిల్లిపాదీ వెళ్తే ఆ కాపురమే లెక్కలోంచి పోయింది. పథకాల అంచనా వేసేవాళ్లు ఇది తప్పక చూడాలి.

మరొకటి: అప్పటి జిల్లా జనాభా 27,03,114. 2022లో పాలకొండ, రాజాం వైపు మండలాలు వేరే జిల్లాలకు వెళ్లాయి. అందుకే ఇప్పటి జిల్లాకు మండలాలవారీగా కూడుకోండి.