పాఠకుల ప్రశ్నలు – వాక్య పరిశీలకుల జవాబులు

ప్రశ్న: దేవుడు తన కుమారుడైన యేసు ద్వారా మాట్లాడాడని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (లేఖ) చెబుతోంది కదా, ఇక పాత నిబంధన చదవడం దేనికి?

జవాబు: హెబ్రీ 1:1 ప్రవక్తల మాటను కొట్టిపారేయడం లేదు. అప్పుడూ ఇప్పుడూ మాట్లాడింది ఒకే దేవుడంటోంది. ప్రవక్తల ద్వారా ఆ మాట విడతలు విడతలుగా, రకరకాలుగా వచ్చింది. కుమారునిలో దేవుడు తానెవరో పూర్తిగా చూపించాడు. ఆ కుమారుని ఆధిక్యాన్ని రుజువు చేయడానికి రచయిత పట్టుకున్నది కూడా పాత నిబంధననే! 1:5–13లో ఏడు ఉల్లేఖనాలున్నాయి.

కాబట్టి 2, 45, 102, 110 కీర్తనలనూ 2 సమూయేలు 7నూ ముందు పూర్తిగా చదివి, ఆ తర్వాతే హెబ్రీ మొదటి అధ్యాయం తెరవండి. 102వ కీర్తన దగ్గర ప్రత్యేకంగా ఆగండి. భూమికి పునాది వేసిన యెహోవాతో కీర్తనకారుడు అన్న మాటల్ని రచయిత నేరుగా కుమారునికి చెందినవిగా చూపిస్తాడు. ఆ అధ్యాయంలో ఇంతకన్నా గట్టి ఆధారం లేదని మా అభిప్రాయం. కీర్తన చదవకుండా వస్తే ఆ బరువు తెలియదు.

ప్రశ్న: కుమారుణ్ణి దేవదూతలతో అంతసేపు పోల్చడం ఎందుకు?

జవాబు: ధర్మశాస్త్రం దేవదూతల ద్వారా వచ్చిందని యూదులు నమ్మేవారు (అపొ. కార్యములు 7:53, గలతీ 3:19). దూతలు పలికిన మాటను మీరినవాళ్లకే శిక్ష తప్పకపోతే, ప్రభువే ప్రకటించిన రక్షణను నిర్లక్ష్యం చేసేవాళ్ల మాటేమిటి? 2:1–4 అడిగేది ఇదే. చాలామంది మొదటి అధ్యాయం అయిపోగానే పుస్తకం మూసేస్తారు, అసలు హెచ్చరిక చేజారిపోతుంది. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, రచయిత చేసింది కాదు. 1:1 నుంచి 2:4 దాకా ఒకే పాఠంగా చదవండి.

ప్రశ్న: తనకు దర్శనం వచ్చిందని ఒకరు సంఘంలో చెబుతున్నారు. నమ్మాలా?

జవాబు: వెంటనే నమ్మకండి, ఎగతాళీ చేయకండి. ప్రవచనాన్ని తృణీకరించవద్దని, అన్నిటినీ పరీక్షించమని 1 థెస్సలొనీక 5:20–21 చెబుతోంది. సూచన నెరవేరినంత మాత్రాన సరిపోదు. అది నెరవేరినా, ఇతర దేవతల వైపు తిప్పితే వినవద్దని ద్వితీయోపదేశకాండము 13 ఆజ్ఞ. శరీరధారియై వచ్చిన యేసుక్రీస్తును ఆ మాట ఒప్పుకుంటోందా అని 1 యోహాను 4:2 ప్రకారం చూడండి. తూచే పని ఒక్కరికే వదలకండి, ఒకరు ప్రవచిస్తే ఇతరులు వివేచించాలని 1 కొరింథీ 14:29 నియమం.

ప్రవచన వరం నేటికీ ఉందా అన్నదానిపై సంఘాల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఉందనే సంఘాలు కూడా చాలావరకు దర్శనాన్ని లేఖనంతో (బైబిలుతో) సమానంగా నిలబెట్టవు. పౌలు పత్రిక రాసిన కొలొస్సీ సంఘంలో చిక్కు వచ్చింది ఇక్కడే: చూసిన దర్శనాలను బట్టి ఉప్పొంగినవాళ్లు శిరస్సైన క్రీస్తును పట్టుకోలేదు (కొలొస్సీ 2:18–19). ఆ దర్శనం విన్నాక సంఘం ఎవరి చుట్టూ చేరుతోందో గమనించండి. చెప్పిన మనిషి చుట్టూ అయితే పెద్దలు అప్పుడే కలగజేసుకోవాలి.